చెప్పులకు చలానా లేదు, మరి ఏడు మీటర్ల సంగతి?

2019 సెప్టెంబరులో కొత్త ట్రాఫిక్ జరిమానాలు అమల్లోకి రాగానే వాట్సాప్‌లో ఒక కబురు ఊరూరా తిరిగింది. చెప్పులేసుకుని బండి నడిపితే వెయ్యి రూపాయల ఫైన్ అట! ఆ నెలలోనే కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ కార్యాలయం అది పుకారేనని తేల్చింది. చెప్పులకే కాదు, పొట్టి చేతుల చొక్కాకు, లుంగీ బనియన్లకు, మురికి పట్టిన అద్దానికి కూడా చలానా లేదని చెప్పింది. అయినా ఆ కబురు అడపాదడపా లేచి కూర్చుంటూనే ఉంది.

1988 మోటారు వాహనాల చట్టంలో సొంత బండి నడిపేవాళ్ల చెప్పుల ప్రస్తావనే లేదు. లారీ, బస్సు డ్రైవర్ల యూనిఫాం నిబంధనలు రాష్ట్రాల వ్యవహారం. నిజంగా వెయ్యి రూపాయలు పడేది హెల్మెట్ లేనందుకు, సెక్షన్ 194డి కింద. దానికి తోడు మూడు నెలలు లైసెన్సు కూడా పోవచ్చు. ఎందుకింత పట్టింపంటే, 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 50,029 మందికి హెల్మెట్ లేదు. చెప్పు జారి ఎంతమంది పోయారో ఆ లెక్కల్లో కనిపించదు. లెక్కలోకి రానిదాన్ని లేనట్టే అనుకోవడం మనకు అలవాటు.

అందుకే ఆ లెక్క మనమే వేద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. వెనక పట్టీ లేని చెప్పు యాక్సిలరేటర్ నుంచి బ్రేకు మీదికి వచ్చేటప్పుడు పెడల్ అంచుకు తగులుకుని అర సెకను తినేసిందనుకుందాం. ఆ అర సెకనులో కారు ఏడు మీటర్లు పోతుంది. రెండు వరసల రోడ్డు వెడల్పు అంతే ఉంటుంది. పొడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా పడితే ఈ వేగంలో కారు ఆగడానికి 14 మీటర్లు కావాలి. సరిగ్గా ఆ 14 మీటర్ల చివర ఆవు నిలబడి ఉంటే, కాలు తడబడనివాడు దాని ముందు ఆగుతాడు. తడబడినవాడు గంటకు 35 కిలోమీటర్ల వేగంతో దాన్ని గుద్దుతాడు. సగం దూరంలో బ్రేకు పట్టింది కదా, వేగం కూడా సగానికి పడాలిగా అనిపిస్తుంది. పడదు. వేగంలో ఎక్కువ భాగం తగ్గేది చివరి మీటర్లలోనే.

అలాంటప్పుడు కేసు చెప్పు మీద కాదు, నడిపిన తీరు మీద పడుతుంది. ప్రమాదకరంగా నడిపారని తేలితే సెక్షన్ 184 కింద మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బ్రిటన్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. అక్కడి హైవే కోడ్ 97వ నియమం పెడళ్లను సరిగా వాడటానికి అడ్డురాని పాదరక్షలు వేసుకోమంటుంది, ఏవి వేసుకోవాలో చెప్పదు. అమెరికాలోని అలబామా మాత్రం మోటార్‌సైకిల్ ఎక్కేవాళ్లకు బూట్లు తప్పనిసరి చేసింది.

మన 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఇంకా ముచ్చటైనది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికైనా కవచం ఉండాలంటుంది. మనం శారీ గార్డ్ అనేది దాన్నే. చీర చెంగు గురించి అంత ఆలోచించిన నిబంధన, గేరు లివర్ కింద నలిగే బొటనవేలిని రైడరుకే వదిలేసింది.

బైకు మీద వేళ్లు కప్పే బూటు మేలు. కారులో మడమను పట్టి ఉంచే, పలుచని అడుగున్న పాదరక్ష చాలు. మరీ మందమైన అడుగుతో ఒకేసారి రెండు పెడళ్లు నొక్కుకుపోవచ్చు. చెప్పులు విడిచి నడిపేవాళ్లు వాటిని తమ సీటు కింద పెట్టకూడదు. సడన్ బ్రేకు కొడితే అవి ముందుకు జారి పెడల్ కిందికి చేరతాయి. వెనక సీటు దగ్గర పడేస్తే సరి.