గోటి మీద కడలి వెలుగు

గోళ్ళకు వేసుకొనే రంగులలో ముత్యపు మెరుపు గలది ఒకటి ఉన్నది. సీసాను కదిపితే లోపల వెండి పొగ వలె సుడి తిరుగుతుంది. పేరు ముత్యానిదే గాని ఆ మెరుపు పుట్టినది చేప పొలుసులో. 17వ శతాబ్దంలో పారిస్ నగరాన జపమాలలు చేసి అమ్ముకొనే జాకిన్ అనే పనివాడు, ఏబ్లెట్ అనే చిన్న నదిచేపల పొలుసులను నీటిలో కడిగి, అడుగున దిగిన వెండివంటి పదార్థాన్ని బోలు గాజుపూసల లోపలివైపు పూసి కృత్రిమ ముత్యాలు తయారుచేశాడు. ఆ ద్రవానికి తూర్పుదేశపు సారమని ముద్దుపేరు పెట్టారు. తరువాతి కాలంలో సముద్రపు హెరింగ్ చేపల పొలుసుల నుంచి కూడా ఆ సారాన్ని తీసి గోళ్ళరంగులలోను, పెదవిరంగులలోను కలిపారు. సముద్రజీవులను గోటిపై చిత్రించుకోవాలనే ముచ్చట ఈనాటిది కావచ్చును గాని, సముద్రజీవి గోటిపైకి వచ్చి చాలకాలమైనది.

సముద్రతీరానికి విహారం పోయేటప్పుడు గోళ్ళపై నక్షత్రచేపను, గవ్వను, తాబేలును వేసుకొనే వేడుక ఇప్పుడు మన ఆడపిల్లలలో కనిపిస్తున్నది. రేడియోలో బొమ్మ కనబడదు గనుక, బొమ్మ ఎట్లా గీయాలో చెప్పడం కంటె ఆ ప్రాణి అట్లా ఎందుకు మెరుస్తుందో చెప్పడం నాకు సులభం. అదృష్టవశాన గోటిపై పనికి వచ్చేది కూడా అదే. చిటికెనవ్రేలి గోరు ఎంత ఉంటుంది? శనగబద్దకు కొంచెం పెద్దది. అంతచోటులో కాళ్ళూ కళ్ళూ తోకా అన్నీ ఇరికించబోతే అది పసిపిల్లవాని పలక మీది బొమ్మ అవుతుంది. ఆ ప్రాణి వెలుతురును ఎట్లా పట్టి ఎట్లా విడుస్తున్నదో గమనించి అంతమట్టుకే తీసుకొంటే, చూచినవారికి సముద్రం తనంతట తాను గుర్తుకు వస్తుంది.

చేప పొలుసులోని ఆ పదార్థం పేరు గ్వానీన్. అతిపలుచని పలకల వంటి స్ఫటికాలై అది ఒకదానిపై ఒకటిగా పేర్చి ఉంటుంది. ప్రతి పలకా ఒక చిన్న అద్దం. పులసను శుభ్రం చేసిన చేతికి పొలుసు అంటుకొని మెరిసినప్పుడు మనం చూసేది ఈ అద్దాలనే. ఈనాటి సీసాలలో చాలవరకు గ్వానీన్ ఉండదు. అభ్రకపు రేకులకు టైటానియం డయాక్సైడు పూతపూసి అదే పని చేయిస్తున్నారు. నెల్లూరు సీమలో గూడూరు వైపు తిరిగినవారికి అభ్రకం సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఈ రేకులకు ఒక గుణం ఉన్నది. కుంచె పోయిన దారినే అవి పడుకొంటవి. అందుకే ముత్యపు రంగు వేస్తే కుంచె చారలు కనబడతవని చాలమంది విసుక్కొంటారు. ఆ చారలను దాచబోక, వాడుకోవలె. గోటి మొదట ఒక బిందువు నుంచి బయలుదేరి, విసనకర్ర విప్పినట్లు చివరివరకు కుంచెను మళ్ళీ మళ్ళీ లాగితే, ఆ చారలే ఆల్చిప్ప మీది గాడులై నిలుస్తవి. దీనికి రెండవ రంగు అవసరమే లేదు. నా మట్టుకు గోటిమీద వేసే గవ్వలన్నిటిలో ఇంతకంటె సొగసైనది కనబడలేదు.

ముత్యపుచిప్ప లోపలి తళతళ వేరు రకం. అక్కడ రంగుపదార్థమంటూ దాదాపు ఏమీ లేదు. ఆరగొనైట్ అనే సున్నపు ఖనిజం పలకలు, ఒక్కొక్కటి సుమారు అర మైక్రాను మందం, అనగా మిల్లీమీటరులో రెండువేలవ వంతు, గోడలో ఇటుకల వలె పేర్చి ఉంటవి. కంటికి కనబడే వెలుతురు తరంగాల పొడవుకు ఆ మందం దగ్గర. పై పలక నుంచి, దాని క్రింది పలక నుంచి తిరిగివచ్చే కిరణాలు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతవి, కొన్ని చెరిగిపోతవి. సబ్బుబుడగపై, వాన వెలిసిన రోడ్డుమీది నూనెచుక్కపై కనిపించే వన్నె ఇదే. చిప్పను కొంచెం త్రిప్పితే గులాబి కాస్తా ఆకుపచ్చ అవుతుంది. గోటిపై దీనిని తెచ్చుకోవడానికి చాలమంది ముందు తెలుపు వేస్తారు. తెలుపు తనపై పడిన వెలుతురునంతా వెనుకకు పంపి ఆ సున్నితమైన వన్నెను ముంచివేస్తుంది. మొదట ముదురు బూడిదరంగు వేసి, బాగా ఆరిన తరువాత, పచ్చకో గులాబికో వన్నె మారే ముత్యపురంగును పలుచగా ఒక్క పూత వేసి చూడండి.

చేపను వేసుకోవాలంటే దాని వీపూ పొట్టా చూస్తే చాలును. సముద్రపు పైపొరలలో తిరిగే చేపలకు చాలవాటికి వీపు ముదురునీలం, పొట్ట వెండి. పైనుంచి చూసే పక్షికి ఆ నీలం లోతునీటిలో కలిసిపోతుంది. క్రిందినుంచి చూసే పెద్దచేపకు ఆ వెండి ఆకాశపు వెలుతురులో కలిసిపోతుంది. గోటి మొదట నీలం, చివర వెండి వేసి, రెండూ కలిసేచోట తడి ఆరకముందే చిన్న స్పాంజి ముక్కతో అద్దితే గీత చెదిరిపోతుంది. కన్నూ మొప్పా గీయకపోయినా అది చేపే.

నక్షత్రచేప దగ్గర మాత్రం ఆకారాన్ని వదలడం కుదరదు. అయితే జెండాపై చుక్కవలె అయిదు సూటి మొనలు గీస్తే అది ఆకాశంలోనిది అవుతుంది గాని నీటిలోనిది కాదు. ప్రాణమున్న నక్షత్రచేపకు చేతులు మొదట లావై, చివర మొద్దుగా, ఒకటి రెండు కాస్త వంగి ఉంటవి. వాటి అడుగున వరుసలుగా వందలకొద్దీ మెత్తని గొట్టపు పాదాలు ఉంటవి. ఒక చేయి ఎత్తి, ఒకటి చాచి అది నెమ్మదిగా ప్రాకుతుంది. అందుచేత గోటి నడుమన కాక ఒక మూలగా మూడు చేతులు మాత్రమే కనబడేటట్లు వేస్తే అది ఇప్పుడే ప్రాకివచ్చినట్లు ఉంటుంది. రంగు చిక్కగా ఒక చుక్క పెట్టి, తడి ఉండగానే సూదిమొనతో బయటికి లాగితే చేయి అవుతుంది. హిందూమహాసముద్రంలో ఒక జాతి ఉన్నది: బూడిద తెలుపు ఒంటిపై ఎర్రని బుడిపెలు, వాటిని కలుపుతూ ఎర్రని గీతలు. హెయిర్‌పిన్ను గుండ్రని కొనను ఎర్రరంగులో ముంచి ఆ బుడిపెలు పెట్టవచ్చును.

ఇక్కడ ఒక సంగతి తోస్తున్నది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకొన్న గోరు నెలల తరబడి ఎర్రగానే ఉంటుంది, ఆకులోని రంగు గోటి కెరటిన్‌ను పట్టుకొంటుంది గనుక. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అడుగున తెల్లని చంద్రవంక, పైన పగడపు ఎరుపు మిగులుతవి. అటువంటి గోటిని సీసారంగుతో కప్పివేయడం అన్యాయం. ఆ ఎరుపుపైనే తెల్లని సన్నచుక్కలు వరుసగా పెడితే, పెట్టుబడి లేని నక్షత్రచేప.

జెల్లీచేపకు కావలసినది అపారదర్శకమైన రంగు కాదు, పారదర్శకత. దాని శరీరంలో నూటికి 95 వంతుల వరకు నీరే. పాలవంటి తెలుపులో రంగులేని పూతను ఎక్కువగా కలిపి పలుచబరచి, గొడుగు ఆకారం వేసి, ఆరనిచ్చి, దానిపై మరొక పూత, మళ్ళీ ఆరనిచ్చి మరొకటి వేయవలె. చంద్రజెల్లీ అనే జాతికి గొడుగు నడుమ గుర్రపులాడాల వంటి నాలుగు గుర్తులు ఉంటవి. అవి పెడితే గుర్తుపట్టగలిగినవారు గుర్తుపడతారు. ఇదే పద్ధతి మన తీరపు చిప్పకు కూడా పనికివస్తుంది. కాకినాడ అఖాతంలో పలుచని బల్లపరుపు చిప్పలు గల ఒక ఆల్చిప్పజాతి ఉన్నది. దాని గుండా వెలుతురు మసకగా దిగివస్తుంది. గోవాలో పాత ఇళ్ళ కిటికీలకు గాజుకు బదులు ఇటువంటి చిప్పలనే పొదిగేవారు.

సముద్రమనగానే లేతనీలం నీరు, పాలవంటి ఇసుక వేయడం పరదేశపు చిత్రాలు చూసి అలవరచుకొన్నది. విశాఖ, భీమునిపట్నం తీరాలలో నిలబడి క్రిందికి చూడండి. గోధుమరంగు ఇసుకలో ఇల్మెనైటు నల్లని చారలు, గార్నెట్టు ఎర్రని జీరలు అలల వెంట తీగలుగా సాగి ఉంటవి. అంతకంటె మంచి నేపథ్యం గోటికి మరొకటి లేదు. దానిపై ఒక ఎర్రపీత చాలును. అదీ మొత్తం కాదు, నిటారుగా నిలిచిన రెండు కళ్ళు, బొరియ అంచున ఒక డెక్క. జనవరి వచ్చేసరికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరానికే గ్రుడ్లు పెట్టడానికి వస్తవి. వాటి డిప్పపై ప్రక్కపలకలు ఆరు జతలో అంతకు మించియో ఉంటవి. తక్కిన సముద్రపు తాబేళ్ళకు సాధారణంగా నాలుగో అయిదో. ఒక్క గోటిపై డిప్పంతా పట్టదు. బూడిద కలిసిన ఆకుపచ్చపై రెండు మూడు పలకల అంచులు గీసి వదలవలె.

చిత్రించడం వేరు, అతికించడం వేరు. గోళ్ళపై నిజమైన గవ్వరేకులను, ఎండబెట్టిన చిన్న నక్షత్రచేపలను అంటించే పద్ధతి కూడా వచ్చినది. తీరంలో అమ్మే ఎండు నక్షత్రచేప చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చినదని మనం అనుకొంటాము. చాలవాటిని ప్రాణంతో పట్టి ఎండబెడతారు. సముద్రపు గుర్రాలు, రాతిపగడాలు, కొన్ని పెద్ద గవ్వజాతులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షితాలు. వాటిని కొనడం, అమ్మడం నేరం. ఇది చాలదన్నట్లు, గోరు వంగుతుంది, చిప్ప వంగదు. రెంటికీ నడుమ సందు ఏర్పడి నీరు నిలుస్తుంది, బూజు చేరుతుంది. పిండి కలిపే చేతికి అది బొత్తిగా తగదు. అభ్రకపు రేకు చేయగల పనికి ఒక ప్రాణిని ఎండబెట్టడం నాకు సమ్మతం కాదు.

మామూలు గోళ్ళరంగులో ఆధారపదార్థం నైట్రోసెల్యులోజు. 1920 ప్రాంతాల మోటారుకార్లకు వేసిన రంగులలో ఉన్నదీ అదే. దానిని కరిగించిన ద్రవాలు ఆవిరై పోతేనే పూత గట్టిపడుతుంది. చిక్కగా ఒక్కసారి వేస్తే ఆవిరి లోపల చిక్కుకొని బుడగలు లేస్తవి. పలుచగా రెండుసార్లు వేయడం మేలు. దీపం క్రింద గట్టిపరచే జెల్ రంగులు వేరు. గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే కొందరికి ఎలర్జీ పట్టుకొని జీవితాంతం వదలదు, గనుక గోటి అంచులు దాటనీయరాదు. శస్త్రచికిత్సకు పోయేవారు రంగంతా తీసివేసి వెళ్ళవలె. గోటి సహజవర్ణం వైద్యునికి కనబడాలి, వ్రేలికి తగిలించే ఆక్సిజన్ కొలిచే పరికరానికి రంగు అడ్డురాకూడదు.

తీసేటప్పుడు దూదిని అసిటోనులో తడిపి ఒక నిమిషం గోటిపై అదిమి ఉంచి, మొదటినుంచి చివరికి ఒక్కసారి లాగవలె. అటూ ఇటూ రుద్దితే ముత్యపు రేకులు చర్మపు మడతలలోకి పోయి రెండురోజులు మెరుస్తూనే ఉంటవి. సీసాలోని రంగుకూ, ఈ అసిటోనుకూ ఇట్టే నిప్పు అంటుకొంటుంది. పొయ్యి ఆర్పి, కిటికీ తెరచి, ఆ తరువాతనే మూత తీయండి.