తరగతి గదిలోనే తయారయ్యే ఉపాధ్యాయుడు

దైవప్రవక్త (స) మస్జిదులో కూర్చుని ఉండగా ఒక వ్యక్తి వచ్చి హడావిడిగా నమాజు ముగించి, ఆయనకు సలాం చేశాడు. ఆయన సలాంకు జవాబిచ్చి, తిరిగి వెళ్ళి నమాజు చేయమన్నారు, అతను చేసింది నమాజు కాదన్నారు. మూడుసార్లు ఇలాగే జరిగింది. చివరికి ఆ వ్యక్తి తనకు ఇంతకన్నా బాగా చేయడం రాదని, నేర్పమని అర్థించాడు. అప్పుడు ఆయన నిలబడటం, రుకూ, సజ్దా ఒక్కొక్కటి ఎంత నెమ్మదిగా, నిలకడగా చేయాలో వివరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

నమాజులో నిలకడ ఎంత అవసరమో చెప్పడానికే ఈ హదీసును సాధారణంగా ఉదహరిస్తారు. బి.ఎడ్. శిక్షణలో ఉన్న మాబోటివారికి ఇందులో మరొకటి కూడా కనిపిస్తుంది. నేర్పమని నోరు తెరిచి అడిగేదాకా ఆ బోధకుడు వేచి ఉన్నారు. కోపగించుకోలేదు, నలుగురిలో నవ్వులపాలు చేయలేదు.

శిక్షణ కళాశాలలో మమ్మల్ని ఛాత్రోపాధ్యాయులంటారు. సగం విద్యార్థి, సగం ఉపాధ్యాయుడు అన్నమాట. మొదట సూక్ష్మబోధన ఉంటుంది. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి ఇది. ఆరు నిమిషాలు పాఠం చెప్పాలి, ఆరు నిమిషాలు తోటివారి విమర్శ వినాలి. పన్నెండు నిమిషాల్లో పథకం సవరించుకుని అదే పాఠం మళ్ళీ చెప్పాలి, మళ్ళీ విమర్శ వినాలి. మొత్తం 36 నిమిషాలు. తోటివారే పిల్లలుగా నటిస్తారు కాబట్టి అన్నీ సరైన జవాబులే వస్తాయి! అసలు పరీక్ష పాఠశాలలో మొదలవుతుంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నియమావళి బి.ఎడ్.ను రెండేళ్ళు చేసి, పాఠశాలలో గడపవలసిన కాలాన్ని కనీసం 20 వారాలకు పెంచింది.

ఆ వారాలు మాకు దమ్మాయిగూడలో గడుస్తున్నాయి. ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా కీసర మండలంలోని పల్లె ఇది. 2016 నుంచి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. చుట్టూ నాగారం, జవహర్‌నగర్, కాస్త దూరంలో చర్లపల్లి పారిశ్రామికవాడ. అక్కడి పనికోసం వచ్చి స్థిరపడినవారి పిల్లలు తరగతిలో ఎందరో. కొందరి ఇళ్ళలో ఉర్దూ, కొందరికి హిందీ, వీధిలో అందరికీ తెలుగు. పుస్తకం మాత్రం ఇంగ్లీషు. రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం వచ్చినప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండేలా పుస్తకాలు ముద్రించడం మంచి పనే. కానీ ఉర్దూ ఇంటి పిల్లకు రెండు పేజీలూ పరాయివే కావచ్చు.

భిన్నాల పాఠం చెబుతున్నాం. వన్ బై ఫోర్ అంటే ఏమిటని అడిగితే వెనుక బల్లమీది అమ్మాయి తల దించుకుంది. పక్క పిల్ల చెప్పబోతే ఆగమన్నాం. అంగట్లో కిలో కన్నా తక్కువ పప్పు కావాలంటే ఏమని అడుగుతావని ప్రశ్నించాం. "పావుకిలో, లేకుంటే ఆధా కిలో" అంది వెంటనే. తెలుగులోనూ పావే, ఉర్దూలోనూ పావే. బల్ల దగ్గరికి వచ్చి గుండ్రంగా రొట్టె గీసి నాలుగు భాగాలు చేసింది. తర్వాత తానే అడిగింది, మూడు పావులను ఇంగ్లీషులో ఏమంటారని. మా పాఠ్యపథకంలో ఆ ప్రశ్న లేదు.

భిన్నాలు మనకు కొత్తవేమీ కావు. ఖుర్ఆన్‌లోని నిసా సూరా 11, 12 ఆయతులలో వారసత్వ వాటాలన్నీ సగం, పావు, ఎనిమిదో వంతు, ఆరో వంతు అంటూ భిన్నాలలోనే ఉన్నాయి. తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం ఈ వాటాల లెక్కలే. లెక్కలు మావల్ల కాదనే మన పిల్లలకు ఇది చెప్పి చూడవచ్చు.

1377లో ముఖద్దిమా రచించిన ఇబ్న్ ఖల్దూన్ ఏ విద్యనైనా మూడు విడతలుగా నేర్పాలన్నారు. మొదట స్థూలంగా, తర్వాత వివరంగా, మూడోసారి ఏ చిక్కూ మిగలకుండా. పిల్లలను కఠినంగా శిక్షిస్తే భయంతో అబద్ధాలకు అలవాటు పడతారనీ హెచ్చరించారు. మన దేశంలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2010లో గానీ అమలులోకి రాలేదు.

బాధ కలిగించే విషయం ఒకటుంది. కొందరికి ఈ వారాలు రికార్డు నింపి సంతకం తీసుకోవడంతోనే సరిపోతాయి. అట్టలు వేసిన అందమైన రికార్డులు, రంగు రంగుల చార్టులు! వెనుక బల్లమీద తల దించుకున్న పిల్ల ఏ గడిలోనూ కనిపించదు. ఆ గడి మేమే గీసుకున్నాం. ఈ రోజు ఎవరు నోరు తెరవలేదు, ఏ మాటకు తెరిచారు అని సాయంత్రం అందులో రాస్తున్నాం. సోమవారం దశాంశాలు మొదలవుతాయి. రూపాయి, పైసలతో మొదలుపెట్టాలనుకుంటే, పైసలు చూడని పిల్లలకు అదేం అర్థమవుతుందని మా తోటి శిక్షణార్థి అడిగారు. స్కేలు మీది సెంటీమీటర్లు, మిల్లీమీటర్లతో పథకం మళ్ళీ రాస్తున్నాం.