భారతీయ గణక ప్రమాణాలు

భారతీయ గణక ప్రమాణాలు (ఇండ్ ఏఎస్) అనగా భారతదేశంలోని పెద్ద కంపెనీలు తమ ఆర్థిక నివేదికల తయారీలో పాటించవలసిన నియమాలు. అంతర్జాతీయ ప్రమాణాలకు దగ్గరగా, కొన్ని మార్పులతో రూపొందిన వీటిని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2015 ఫిబ్రవరిలో ప్రకటించింది. కంపెనీ అకౌంటెంట్ల పని స్వభావాన్ని ఇవి చాలావరకు మార్చివేశాయి.

అమలు

500 కోట్ల రూపాయలు, ఆపైన నికర విలువ గల కంపెనీలకు ఇవి 2016 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి అయ్యాయి. 250 కోట్లు, ఆపైన గలవాటికి మరుసటి ఏడాది నుండి వర్తించాయి. బ్యాంకుల విషయంలో అమలును రిజర్వు బ్యాంకు 2019 మార్చిలో నిరవధికంగా వాయిదా వేసింది.

2016లో మారిన కంపెనీలు పోలిక కొరకు అంతకు ముందటి ఏడాది లెక్కలను కూడా కొత్త పద్ధతిలో తిరిగి కట్టవలసి వచ్చింది. పాత లాభానికి, కొత్త లాభానికి తేడా ఎందుకు వచ్చిందో వివరించే పట్టికను కూడా అకౌంటెంట్లు తయారుచేశారు.

లీజుల లెక్క

2019 ఏప్రిల్ 1 నుండి అమలైన ఇండ్ ఏఎస్ 116 ఇందుకు మంచి ఉదాహరణ. అంతకు ముందు కార్యాలయపు అద్దెను ఏటా ఖర్చుగా వ్రాస్తే సరిపోయేది. ఇప్పుడు రాబోయే అద్దెల నేటి విలువను అప్పుగాను, భవనాన్ని వాడుకొనే హక్కును ఆస్తిగాను చూపాలి. ఏడాది చివర 10 లక్షల చొప్పున ఐదేళ్ళ అద్దె, వడ్డీ రేటు 10 శాతం అనుకొంటే ఆ విలువ సుమారు 37.91 లక్షలు. మొదటి ఏడాది తరుగుదల 7.58 లక్షలు, వడ్డీ 3.79 లక్షలు కలిసి ఖర్చు 11.37 లక్షలవుతుంది, చివరి ఏడాది 8.49 లక్షలే. మొత్తం ఖర్చు మాత్రం ఆ 50 లక్షలే, చెల్లించే నగదులో పైసా మార్పు లేదు.

అయితే ఈ వడ్డీ రేటు ఏ బిల్లులోనూ కనిపించదు. చాలా సందర్భాలలో అకౌంటెంటే అంచనా వేయాలి. లీజును పొడిగిస్తారా లేదా అన్నది కూడా అతడు నిర్ణయించవలసినదే. అప్పు ఒక హద్దు దాటరాదని బ్యాంకుతో ఒప్పందమున్న కంపెనీ, కొత్తగా రూపాయి అప్పు చేయకున్నా, దానిని దాటినట్లు కనబడవచ్చు. కనుక ఇటువంటి చిక్కును ముందే లెక్కగట్టి యాజమాన్యానికి తెలుపడం అకౌంటెంటు బాధ్యతలలో ముఖ్యమైనది.

ఇతర విషయాలు

ఇండ్ ఏఎస్ 109 ప్రకారం బాకీ మునిగేవరకు ఆగకుండా, మునిగే అవకాశాన్ని ముందే అంచనా వేసి నష్టం చూపాలి. పెద్ద కంపెనీకి అనుబంధ సంస్థ అయితే, ఎంత చిన్నదైనా దానికీ ఈ ప్రమాణాలు వర్తిస్తాయి. ఒకసారి వీటిలోకి మారిన కంపెనీ, తరువాత నికర విలువ తగ్గినా, తిరిగి పాత ప్రమాణాలకు వెళ్ళరాదు.