వీధి కుక్కలకు షెల్టర్ కట్టాలంటే: గోడ కంటే ముందు కాలువ

ఎపిసోడ్‌లో చెప్పిన కొలతలు రాసి పెట్టమని చాలామంది అడిగారు. నేను ఐటీఐ చదివి, ఇక్కడ అమెరికాలో సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నవాణ్ని. మేస్త్రీ భాషలోనే చెప్తా.

2025 నవంబరులో మన సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల దగ్గర తిరిగే కుక్కల్ని షెల్టర్లకు తరలించమంది. అంటే మన ఊళ్లలోనూ ఈ కట్టడాలు వస్తాయి. చందా అడిగితే ఇచ్చే ముందు ప్లాన్ ఒకసారి చూడండి. ప్లాన్ తప్పితే షెల్టరే జబ్బుల గోదాం అవుతుంది.

నేల: పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఉత్త కాంక్రీటు తడిని పీల్చుకుంటుంది, ఎంత కడిగినా పోదు. అందుకే ఇక్కడ పైన ఎపాక్సీ పూస్తారు, గోడ మూలని గుండ్రంగా తిప్పుతారు. వాలు అడుగుకి పావు అంగుళం. ఒక గది నీళ్లు పక్క గదిలోంచి పారకూడదు. ఇది అన్నిటికంటే ముఖ్యం.

జంట గది: ఒక్కో కుక్కకి రెండు అరలు, మధ్యలో పైకి లేచే తలుపు. కుక్క ఒకవైపు ఉంటే రెండోవైపు కడగొచ్చు. బయటికి లాగక్కర్లేదు, పనివాడికి కాటు భయం తక్కువ, జబ్బు చేతుల మీద పాకదు. పిల్లికైతే కనీసం 8 చదరపు అడుగులు కావాలి. తిండి గిన్నె, మలం తొట్టి దూరదూరంగా ఉండాలి.

గాలి: ఇక్కడి షెల్టర్ పశువైద్యుల సంఘం 2010లో ఇచ్చిన లెక్క ప్రకారం గదిలో గాలి గంటకి 10 నుంచి 20 సార్లు మారాలి. జబ్బు గది గాలి మిగతా గదుల్లోకి రాకూడదు.

చప్పుడు: కుక్కల గదుల్లో మొరుగుడు 100 డెసిబెల్స్ దాటుతుంది. మన సైట్‌లో అయితే చెవులకి ప్లగ్గులు పెట్టుకునే మోత అది. పిల్లుల గదిని అవతలి చివర పెట్టాలి. కుక్క కనపడినా, వినపడినా పిల్లి బెదిరి తిండి మానేస్తుంది.

డబ్బు చాలకపోతే గదుల సంఖ్య తగ్గించండి గానీ కాలువ, తలుపు తీసేయకండి. ముప్పై ఇరుకు గదుల కన్నా పదిహేను జంట గదులు నయం. రేకులు తర్వాతైనా మార్చుకోవచ్చు. పోసేసిన నేల వాలు మార్చాలంటే పగలగొట్టాల్సిందే.

ఊళ్లో ఎవరైనా ప్లాన్ పంపితే ముందు ఒకటే అడగండి: "కడిగిన నీళ్లు ఎటు పోతాయి?" ఉంటాను.