గ్రామములందలి యుద్ధస్మారకశిలలు

పోరున మడిసినవారిని ఊరివారు తలచుకొనుట మనకు క్రొత్త గాదు. కత్తియు డాలును బట్టిన మనిషిబొమ్మ చెక్కిన వీరగల్లులను గుడిముంగిటనో పొలిమేరనో మీలో చాలమంది చూచియుందురు. పల్నాటి కారెంపూడిలో వీరుల గుడియే యున్నది. పండ్రెండవ శతాబ్దపు పోరున గూలినవారికి అచ్చట ఏటేట కార్తికమాసపు టమావాస్యనాడు ఉత్సవ మారంభమగును. ఎనిమిదివందల యేండ్లు గడచినను వీరవిద్యావంతులు వారిని పేరుపేరున నెత్తి పాడుదురు.

1914-18 మహాయుద్ధము తరువాత వచ్చిన శిలల రీతి వేఱు. సైనికుల నిచ్చిన పల్లెలలో ప్రభుత్వమువారు చిన్న రాతిపలకలు పెట్టించిరి. ఈ గ్రామమునుండి ఇంతమంది యుద్ధమునకు వెళ్లిరి, అందులో ఇంతమంది ప్రాణములు విడిచిరి, అని మాత్రమే వానిపై నుండును. లెక్క సరిపోయినది. వాడెవరి బిడ్డ యని యడిగినచో ఆ రాయి బదులు చెప్పదు.

పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవర మందురు. మొదటి యుద్ధమునకు 90 మంది, రెండవదానికి 1,110 మంది అచ్చటినుండి వెళ్లిరని యూరివారి లెక్క. అమరులైనవారికి వారు స్మారకము నిలుపుకొనిరి. అట్టి యూర తాత పేరు మనుమనికి తెలియును. ఒక్కడో యిద్దరో వెళ్లిన పల్లెలలోనే చిక్కు.

ఆ యొక్కడు మెసపొటేమియాలో, అనగా నేటి ఇరాకులో, మడిసెననుకొందము. మద్రాసు శాపర్ల పటాలము అచ్చట పనిచేసినది. సమాధి జాడ తెలియని నలువదివేల పైచిలుకు మందికై బాస్రాలో 1929లో ఒక స్మారకము వెలసినది. తెల్లసైనికుల పేళ్లన్నియు దానిపై చెక్కిరి. మనవారిలో అధికారుల పేళ్లు మాత్రము చెక్కి, సిపాయిలను పటాలమువారీగా అంకెలతో సరిపెట్టిరి. మడిసిన ప్రతివానిని పేరుతో స్మరింపవలెనన్నది 1917లో పుట్టిన యుద్ధసమాధుల సంఘపు మొదటి సూత్రమే! పేళ్లు దొరకక యనిన నేను నమ్మను. ఫ్రాన్సులో న్యూవ్ షపెల్ వద్ద 1927లో ఆవిష్కరించిన స్మారకముపై 4,700 మందికి పైగా భారతీయుల పేళ్లు చెక్కిరి గదా. ఈ తారతమ్యము తప్పని ఆ సంఘమువారే 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పి, విడిచిన పేళ్లను వెదకుటకు పూనుకొనిరి.

మఱియొక వింత గలదు. రాతిపై అంకెయైపోయినవాని పేరు, ఇంటికి వచ్చిన కంచుమీద నున్నది! మడిసినవాని వారసులకు అయిదంగుళములకు కొంచెము తక్కువ వెడల్పుగల గుండ్రని కంచుపలకను పంపెడివారు. చావులో హెచ్చుతగ్గులు లేవని హోదా వ్రాయక పేరు మాత్రమే దానిపై పోతపోసిరి. ఆ యుద్ధమునకిచ్చిన వెండి పతకపు టంచుమీద నంబరు, హోదా, పేరు, పటాలము చిన్న యక్షరములతో చెక్కియుండును. ఈ నాలుగు చేతనున్నచో సంఘపు పట్టికలలో మనిషిని పోల్చుకొనవచ్చును.

చీరాల చుట్టుపట్ల పల్లెలలో ఎవరి యింటనైనను పాతపెట్టె యడుగున అట్టి బిళ్ల యుండిన, పాతసామానువాని తక్కెడలో వేయకముందు అంచును చింతపండుతో తోమక, మెత్తని పొడిగుడ్డతో తుడిచి, వెలుతురున త్రిప్పి చదివించి, ఆ యక్షరములను ఉన్నవి యున్నట్లు కాగితముపై నెక్కించుడు.