దిగిన తలుపు మళ్లీ పైకి లేస్తే

మన పల్లెల నుంచి పిల్లలు అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు నేడు అనేకం. కూతురి పురుటికనో, మనుమల ఆలనాపాలనకనో తల్లిదండ్రులు అక్కడికి వెళ్లి ఆరు నెలలు ఉండి వస్తున్నారు. పగలు పిల్లలు పనికి వెళ్లగానే ఆ ఇంట్లో మిగిలేది పెద్దలూ, పసివారూ. కరెంటు పొయ్యి, బట్టలుతికే యంత్రం వారం రోజుల్లో అలవాటైపోతాయి. అయితే ఆ ఇంట్లో కదిలే వస్తువులన్నిటిలోకి పెద్దది ఒకటున్నది. దాని సంగతి పెద్దలకు ఎవరూ విడమరచి చెప్పరు. అది గరాజ్ తలుపు.

మన ఊళ్లలో గ్యారేజీ అంటే బళ్లు బాగుచేసే షెడ్డు. అక్కడ గరాజ్ అంటే ఇంటిని ఆనుకొని ఉండే కారు గది. చాలా ఇళ్లలో వీధి తలుపు చుట్టాలు వచ్చినప్పుడే తెరుస్తారు. ఇంటివారి రాకపోకలన్నీ గరాజ్ గుండానే. అందువలన ఆ తలుపు మొరాయించిన రోజున ఇల్లంతా ఇరుకున పడుతుంది. అలాంటప్పుడు ఏమి చేయవచ్చునో, దేని జోలికి పోకూడదో తెలిసి ఉంటే మేలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బరువు మోసేది మోటారు కాదు

రెండు కార్లు పట్టే గరాజ్ తలుపు సాధారణంగా 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉంటుంది. అడ్డంగా నాలుగైదు పలకలుగా చేసి, బందులతో కలుపుతారు. పక్కన చిన్న చక్రాలుంటాయి. అవి ఇనుప పట్టాల్లో దొర్లుతూ పైకి వెళ్లి, తలుపును కప్పు కిందికి మడుస్తాయి. ఇంత తలుపు చాలా బరువుగా ఉంటుంది. పైన బిగించిన మోటారు చూస్తే చిన్నది, చాలా ఇళ్లలో అర గుర్రపుశక్తిది. ఇంత బరువును అది ఎలా లేపుతుంది?

మన పెద్దలు పొలానికి నీళ్లు తోడిన ఏతం గుర్తు చేసుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. ఏతానికి ఒక కొసన బాన, మరొక కొసన రాతి బరువు. బరువుకు బరువు సరిపోయింది గనుక మనిషి కొంచెం ఊతమిస్తే చాలు, నిండు బాన పైకి వచ్చేది. గరాజ్ తలుపులో ఆ రాయి చేసే పనిని గట్టిగా మెలితిప్పిన ఉక్కు స్ప్రింగు చేస్తుంది. మన బజారులో కొట్ల షట్టర్లకు పై గొట్టంలో ఉండే స్ప్రింగు చేసేదీ ఇదే పని. మోటారు ఇచ్చేది ఊతం మాత్రమే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే, తరువాత చెప్పబోయే జాగ్రత్తలన్నిటికీ కారణం తెలుస్తుంది.

పైకి లేచే ఈ తలుపును సి. జి. జాన్సన్ అనే అమెరికా వాసి 1921లో రూపొందించాడు. 1926లో ఆయనే దానికి కరెంటు యంత్రాన్ని జోడించాడు. తరువాత ఇంటింటికీ వచ్చింది. వాడకం పెరిగినకొద్దీ ప్రమాదాలూ పెరిగాయి. ఆటలాడుకుంటూ దిగుతున్న తలుపు కింద చిక్కుకొని అక్కడ పదుల సంఖ్యలో పిల్లలు మరణించారు. ఆ దుఃఖం ఫలితంగానే 1990లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి గరాజ్ యంత్రానికీ, అడ్డు తగిలితే వెనక్కి తిరిగే ఏర్పాటుతో పాటు మరొక రక్షణ తప్పనిసరి అయింది. ఇళ్లలో మనం చూసే రెండు చిన్న సెన్సార్లు ఆ రక్షణే.

తలుపు దిగుతూ దిగుతూ వెనక్కి వెళితే

అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఇదే. బటను నొక్కితే తలుపు కొంచెం దిగి, మళ్లీ పైకి వెళ్లిపోతుంది. యంత్రం మీది దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. తలుపు చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు. చాలాసార్లు తలుపు తన విధిని తాను సరిగా నిర్వర్తిస్తున్నదన్న మాట.

గుమ్మానికి ఇరుపక్కలా, నేలకు ఆరు అంగుళాలు మించని ఎత్తులో, ఒకదానికొకటి ఎదురుగా రెండు సెన్సార్లుంటాయి. ఒకటి కంటికి కనబడని కిరణాన్ని పంపుతుంది, రెండవది అందుకుంటుంది. మధ్యలో ఏది అడ్డం వచ్చినా తలుపు మూసుకోదు. అడ్డం వచ్చింది పసిబిడ్డ చేయి అయినా, ఎండుటాకు అయినా దానికి ఒకటే. కాబట్టి ముందు నేల చూడండి. చీపురు, పిల్లల సైకిలు చక్రం, చెత్తడబ్బా అంచు, సాలెగూడు, ఏదో ఒకటి అక్కడ ఉంటుంది. తీసివేయండి. సెన్సారు అద్దాన్ని పొడి మెత్తని గుడ్డతో తుడవండి.

అడ్డేమీ లేకపోతే సెన్సార్ల మీది చిన్న దీపాలు చూడండి. రెండూ నిలకడగా వెలగాలి. ఒకటి ఆరిపోయినా, మినుకుమన్నా, ఎవరి కాలో తగిలి సెన్సారు పక్కకు తిరిగిందని గుర్తు. రెక్కల నట్టు కొద్దిగా వదులు చేసి, దీపం నిలకడగా వెలిగేవరకు మెల్లగా తిప్పి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది. సాయంత్రమో ఉదయమో ఒక్క వేళలోనే తలుపు మొరాయిస్తుంటే, ఏటవాలు ఎండ నేరుగా సెన్సారులో పడుతుందేమో చూడాలి. కాసేపు నీడ పట్టి చూస్తే తెలిసిపోతుంది.

కొందరు విసిగిపోయి, రెండు సెన్సార్లనూ పీకి, ఎదురెదురుగా పెట్టి టేపు చుట్టి, కప్పు దగ్గర కట్టేస్తారు. అప్పుడు తలుపు చక్కగా మూసుకుంటుంది. కాని దాని కింద బిడ్డ ఉన్నా మూసుకుంటుంది. ఎవరింట్లోనైనా ఇలా కనబడితే, మొహమాటపడక ఆ రోజే సరిచేయించండి. ఇక, చాలా యంత్రాల్లో గోడ బటనును వదలకుండా నొక్కి పట్టుకుంటే, సెన్సారు అడ్డున్నా తలుపు మూసుకుంటుంది. అత్యవసరమై అలా మూయవలసి వస్తే, తలుపు నేలను తాకేవరకు కళ్లు దాని మీదే ఉండాలి.

తలుపు నేలను తాకిన తరువాత వెనక్కి వెళ్తుంటే సంగతి వేరు. అంచు కింద మంచుగడ్డో రాయో ఉండవచ్చు. లేదా ఎంతవరకు దిగాలో చెప్పే అమరిక తప్పి ఉండవచ్చు. యంత్రంతో ఇచ్చిన పుస్తకం చూసి ఆ అమరికను సరిచేస్తారు. ఆ పని పిల్లలు ఇంటికి వచ్చాక చూసుకోవడం మంచిది.

రిమోటు పని చేయకపోతే

ఇక్కడ తేడా కనిపెట్టడమే వైద్యం. ఒక్క రిమోటు మాత్రమే పని చేయకపోతే, దాని బ్యాటరీ అయిపోయి ఉంటుంది. గోడ బటను పనిచేస్తూ, రిమోట్లన్నీ పని చేయకపోతే, గోడ బటను పలక మీద 'లాక్' అన్న మీట ఉందేమో చూడండి. ఊరికి వెళ్లేటప్పుడు రిమోట్లు పని చేయకుండా ఆపేందుకు అది. పిల్లలు ఆటలో దాన్ని నొక్కి ఉంటారు. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే తొలగిపోతుంది. యంత్రంలో కొత్తగా ఎల్ఈడీ బల్బు పెట్టారా? కొన్ని రకాల బల్బులు రిమోటు సంకేతాన్ని చెడగొడతాయి. బల్బు తీసి చూడండి.

గోడ బటనూ, రిమోటూ రెండూ పని చేయకపోతే, కరెంటు అందడం లేదేమో చూడాలి. ప్లగ్గు వదులైందేమో, బ్రేకరు పడిందేమో చూసుకోవాలి.

మోటారు గుర్రుమంటూ కదలకపోతే లోపలి కెపాసిటరు పోయి ఉండవచ్చు. మోటారు తిరుగుతూ, చైను కదలకపోతే లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగి ఉంటుంది. రెండూ బాగయ్యే జబ్బులే, మెకానిక్కు మార్చిపెడతాడు. చైను తిరుగుతున్నా తలుపు కదలకపోతే మాత్రం, ఎవరో ఎర్రతాడు లాగారేమో మొదట చూడండి.

ఎర్రతాడు సంగతి

కప్పు దగ్గర పట్టా నుంచి ఎర్రని పిడితో ఒక తాడు వేలాడుతుంటుంది. దాన్ని లాగితే తలుపుకూ మోటారుకూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు తలుపును చేత్తో ఎత్తవచ్చు. కరెంటు పోయినప్పుడు బయటపడే దారి ఇదే.

2017లో ఉత్తర కాలిఫోర్నియాలో పెద్ద కార్చిచ్చులు రేగినప్పుడు, కరెంటు పోయి గరాజ్ తలుపులు తెరవలేక కొందరు ఇళ్లలోనే చిక్కుకొని ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ఆ రాష్ట్రం చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి అమ్మే, బిగించే కొత్త యంత్రాలకు బ్యాటరీ ఉండి తీరాలన్నది. మీ పిల్లలు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఆ తాడు ఎక్కడున్నదో, ఎలా లాగాలో ముందుగానే చూపించమనండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఆ తలుపును ఎత్తలేరు. అటువంటివారు వీధి తలుపు తాళం ఎక్కడ పెడతారో తెలుసుకొని ఉండాలి.

ఒక్క హెచ్చరిక. తాడు లాగేటప్పుడు తలుపు పూర్తిగా కిందికి దిగి ఉండాలి. తలుపు పైన ఉన్నప్పుడు లాగితే, స్ప్రింగు విరిగి ఉన్న పక్షంలో మొత్తం బరువు ఒక్కసారిగా కింద పడుతుంది.

స్ప్రింగు విరిగితే తాకవద్దు

ఒక రాత్రి గరాజులో పెద్ద టపాకాయ పేలినట్లు చప్పుడవుతుంది. తెల్లవారి బటను నొక్కితే తలుపు కొంచెం లేచి ఆగిపోతుంది. చేత్తో ఎత్తబోతే కదలదు. తలుపు పైన అడ్డంగా ఉన్న స్ప్రింగులో చుట్లు తెగి, మధ్య ఖాళీ కనబడుతుంది. ఏతానికి రాయి ఊడిపోయినట్లన్న మాట. ఇక మోటారును పదేపదే నొక్కితే అదీ కాలిపోతుంది.

మామూలు స్ప్రింగును సుమారు 10,000 సార్లు తెరిచి మూసేందుకు తయారుచేస్తారు. రోజుకు నాలుగుసార్లు వాడితే అది దాదాపు ఏడేళ్లకు వస్తుంది. గనుక స్ప్రింగు విరగడం వింతేమీ కాదు. కాని దాన్ని మార్చడం ఇంటివారి పని కాదు. మెలితిప్పిన ఆ ఉక్కులో ఉన్న బలం ఒక్కసారి విడుదలైతే చేతి వేళ్లు, ముఖం, కొన్నిసార్లు ప్రాణమే పోతుంది. తలుపు అడుగున ఉన్న ఇనుప తీగతాళ్లూ ఆ బలంతోనే బిగిసి ఉంటాయి. మన రైతులకు పంపుసెట్టు విప్పి బిగించడం వచ్చు, ఇదెంతలే అనిపించవచ్చు. స్పానరు పట్టవద్దని మా మనవి. నేర్చిన మనిషిని పిలిపించండి. పని మొదలుపెట్టక ముందే ఖర్చు ఎంతో కాగితం మీద రాయించుకోండి. రెండు స్ప్రింగులుంటే రెండూ ఒకేసారి మార్పించడం మేలు. ఒకే వయసువి గనుక రెండవదీ త్వరలోనే విరుగుతుంది. స్ప్రింగు విరిగినంత మాత్రాన యంత్రమంతా మార్చనక్కరలేదు.

నెలకొక్కసారి పరీక్ష

ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్క దిమ్మెను గుమ్మం మధ్య నేల మీద పడుకోబెట్టి బటను నొక్కండి. తలుపు చెక్కను తాకిన రెండు సెకన్లలో వెనక్కి తిరగాలి. తరువాత తలుపు దిగుతుండగా, పక్కన నిలబడి, చీపురు కర్రను సెన్సార్ల మధ్య చాపండి. వెంటనే పైకి వెళ్లాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా, బాగుచేయించేవరకు ఆ యంత్రాన్ని వాడకూడదు.

చప్పుడు ఎక్కువైతే చక్రాలకు, బందులకు, స్ప్రింగుకు గరాజ్ తలుపుల కోసం అమ్మే స్ప్రే కొట్టాలి. పట్టాలకు నూనె పూయకూడదు. దుమ్ము అంటుకొని పేరుకుపోతుంది. పట్టాలను తుడిస్తే చాలు.

మనుమల విషయంలో

రిమోటు ఆటవస్తువు కాదు. గోడ బటను నేలకు ఐదడుగుల పైన, పిల్లలకు అందకుండా ఉండాలి. దిగుతున్న తలుపు కింద దూరి పరుగెత్తడాన్ని మొదటిసారే గట్టిగా ఆపాలి. తలుపు మడతపడేటప్పుడు పలకల సందున వేలు పెడితే నలిగిపోతుంది.

మరొక మాట. గరాజులో కారు ఇంజను నడుస్తూ ఉండగా ఆగవద్దు. తలుపు తెరిచి ఉన్నా సరే, కారు వెంటనే బయటికి తీయాలి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. ఇంట్లోకి పాకి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కరెంటు పోయిన చలి రాత్రి గరాజులో బొగ్గుల కుంపటి, జనరేటరు పెట్టడమూ అంతే ప్రమాదం.

ప్రియ పాఠకులారా, మీరు అక్కడికి వెళ్లిన మొదటి ఆదివారమే అబ్బాయినో, అల్లుడిగారినో తీరికగా గరాజులోకి తీసుకువెళ్లండి. సెన్సార్లు, గోడ బటను, ఎర్రతాడు, ఈ మూడూ చూపించమని అడగండి. చెక్క దిమ్మెతో పరీక్ష మీ ఎదుటే చేయించండి. పది నిమిషాల పని. ఆ తరువాత ఎప్పుడైనా తలుపు దిగుతూ వెనక్కి వెళితే, మళ్లీ బటను నొక్కే ముందు, దాని కింద ఏమున్నదో ఒకసారి వంగి చూడండి.