పన్ను పత్రంలో పరిశోధన నిధి

పన్ను చెల్లించడం పౌరుని విధి. విరాళమివ్వడం అతని ఇష్టం. ఈ రెండింటికీ ఒకే కాగితంపై చోటు కల్పించే పద్ధతి అమెరికాలోని పలు రాష్ట్రాలలో ఉన్నది. 1977లో కొలరాడో రాష్ట్రం వన్యప్రాణి సంరక్షణకై దీనిని చేపట్టింది. తరువాత కాలిఫోర్నియా రాష్ట్రం రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు సైతం ఈ మార్గాన్ని అనుసరించింది.

దీని నిర్వహణ సులభం. ఏటా రాష్ట్ర ఆదాయపు పన్ను లెక్క దాఖలు చేసే వ్యక్తి, పత్రంలో పేర్కొన్న నిధులలో తనకు నచ్చిన దాని ఎదుట కొంత మొత్తం వ్రాస్తాడు. ఆ సొమ్ము అతనికి తిరిగి రావలసిన పన్ను నుండి మినహాయింపబడుతుంది. లేదా అతడు చెల్లించవలసిన పన్నుకు అదనంగా చేరుతుంది. కనుక ఇది ఖజానా సొమ్ము కాదు, దాత సొమ్మే.

క్యాన్సర్ పరిశోధనకు నిర్బంధపు పన్ను కూడ ఉన్నది. 1993లో, వ్యాధిని అనుభవించిన స్త్రీల ఉద్యమ ఫలితంగా, కాలిఫోర్నియా శాసనసభ సిగరెట్ పెట్టెపై 2 సెంట్ల పన్ను విధించి, అందులో 45 శాతాన్ని రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు కేటాయించింది. అయితే ఇందులో ఒక చిక్కున్నది. పొగత్రాగేవారు తగ్గినకొద్దీ ఆ రాబడి తగ్గుతుంది. ప్రజారోగ్యానికి మేలైనదే పరిశోధనకు లోటవుతుంది. అప్పుడు స్వచ్ఛంద విరాళం విలువ పెరుగుతుంది.

కాని పెక్కుమంది ఆ గడిని ఖాళీగానే విడిచిపెడతారు. నిర్ణీతమైన కనీస మొత్తం వసూలు కాని నిధి పేరు పత్రం నుండి తొలగిపోతుంది కూడ. దీనికి కారణం ఊహింపదగినదే. కంటి ఎదుట బాధపడే రోగికి చేయి చాచి ఇస్తాం; ఏ ప్రయోగశాలలోనో ఏళ్ళ తరబడి సాగే అన్వేషణకు ఇవ్వడానికి మనసు అంత త్వరగా ఒప్పుకోదు. దాని ఫలితం పొందేవారెవరో దాతకు తెలియదు.

ఇస్లాం ధర్మంలో జకాత్ విధి, సదఖా ఐచ్ఛికం. దాత మరణానంతరం కూడ ప్రజలకు ఉపకరించే దానాన్ని సదఖ-ఎ-జారియా అంటారు. బావి త్రవ్వించడం, విద్య నేర్పడం అటువంటివి. వైద్య పరిశోధనకిచ్చే విరాళం కూడ ఆ కోవకు చెందినదే.

అయినను స్వచ్ఛంద దానం ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కారాదు. దాతల మనోభావాలు ఏడాదికొక తీరున మారవచ్చును. పరిశోధన మధ్యలో ఆగరాదు. ప్రభుత్వం పునాది వేయాలి, ప్రజలు దానికి తోడ్పడాలి. విద్యార్థులు రేపటి సంపాదనపరులు. విధిగా ఇచ్చినదానితో తృప్తిపడక, ఇష్టంతో మరికొంత ఇచ్చే అలవాటును నేడే చేసుకొందురు గాక!